మల్లెల తీర్థానికి యాభై నిమిషాలు

మహబూబ్‌నగర్ నుంచి తెల్లవారుజామున బయలుదేరి, నల్లమలలోని మల్లెల తీర్థం జలపాతాన్ని, దారిలో మరో నాలుగు చోట్లను చూపించి, అదే రాత్రి ఇంటి దగ్గర దింపుతామని మా ఊరి ట్రావెల్స్ వారు ఒకరు నడుపుతున్న ఒక రోజు యాత్రకు, మొన్న అక్టోబరులో రెండో శనివారం నాడు మా అమ్మను, ఐదో తరగతి చదువుతున్న మా అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్లి వచ్చాను. పెద్దలకు 1,450 రూపాయలు, పిల్లలకు 1,000 రూపాయలు తీసుకున్నారు. ఉదయం ఫలహారం, మధ్యాహ్న భోజనం అందులోనే కలిసి ఉన్నాయి. ప్రవేశ రుసుములు మాత్రం ఎవరివి వారే ఇచ్చుకోవాలి. వాట్సాప్‌లో పంపిన కరపత్రంలో ఉమామహేశ్వరం, ఫరహాబాద్ వ్యూ పాయింట్, మల్లెల తీర్థం, ఆక్టోపస్ వ్యూ పాయింట్, శ్రీశైలం డ్యామ్ అని అయిదు పేర్లు వరుసగా వేసి, సగం పేజీ మేర జలపాతం ఫోటో ఒక్కటే పెట్టారు. నేను డబ్బు కట్టింది ఆ ఫోటోను చూసే. ఇంటికి వచ్చిన తరువాత లెక్క వేసుకుంటే, పదిహేడున్నర గంటల యాత్రలో ఆ జలపాతానికి వారు కేటాయించినది యాభై నిమిషాలని తేలింది.

బండి బాగుంది, ఆ మాట ముందే చెప్పాలి. పదిహేడు సీట్ల టెంపో ట్రావెలర్, ఏసీ పని చేసింది, సీట్లు చిరిగి లేవు, డ్రైవర్ ఓపికస్తుడు. అయితే అయిదున్నరకు బయలుదేరుతామన్న బండి మెట్టుగడ్డలో ఇద్దరి కోసం, న్యూటౌన్‌లో ఒక కుటుంబం కోసం, భూత్పూర్ చౌరస్తాలో ఇంకా ఇంటి నుంచే బయలుదేరని ఒక పెద్దమనిషి కోసం ఆగి, ఊరు దాటేసరికి ఆరు ఇరవై అయింది. ఉదయం పోయిన ఆ యాభై నిమిషాలే మధ్యాహ్నం జలపాతం దగ్గర మాకు దక్కకుండా పోయాయని నాకు గట్టి నమ్మకం. బిజినేపల్లి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట మీదుగా దారి. రోడ్డుకు రెండు పక్కలా పత్తి చేలు తెల్లబడుతున్నాయి. నల్లగొండ వైపు నుంచి వచ్చేవారికి దేవరకొండ, డిండి మీదుగా హైదరాబాద్–శ్రీశైలం జాతీయ రహదారిని అందుకోవడం సులువు. వారికి మా అంత చుట్టు ఉండదు.

అచ్చంపేట దాటాక రంగాపూర్ పక్కన కొండ మీద ఉన్న ఉమామహేశ్వరంలో మొదటి మజిలీ. శ్రీశైల క్షేత్రానికి తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం ద్వారాలైతే ఉత్తర ద్వారం ఇదేనని మన ప్రాంతంలో చిన్నప్పటి నుంచి వింటున్నదే. ముందుకు వంగిన పెద్ద రాతి చరియ కిందనే గుడి ఉండటం వల్ల, బయట ఎండ కాస్తున్నా లోపల నేల చల్లగా ఉంటుంది. పాపనాశనం అనే చోట రాతి సందులోంచి ఊరే నీటిని తలా ఒక చెంబు తీసుకున్నాము. నిండు వేసవిలోనూ ఇది ఎండదని అక్కడివారు చెబుతారు. బండ పొరల్లోకి ఇంకిన వాన నీరు నెలల తరబడి మెల్లగా బయటికి రావడమే ఊట కనుక, ఆ మాటలో నాకు వింత కనబడలేదు. ఈ ఒక్క చోట మాత్రం నిర్వాహకులు లెక్క తప్పలేదు. గంటకు పైగా సమయం ఇచ్చారు, గుడి కింద చెట్ల నీడలో ఫలహారం పెట్టారు. ఇడ్లీలు చల్లారిపోయినా పల్లీ చట్నీ పలుచన కాలేదు, ఉప్మా పొడిపొడిగా ఉంది, రెండోసారి అడిగితే విసుక్కోకుండా వడ్డించారు.

అక్కడి నుంచి మన్ననూరు చెక్‌పోస్టు చేరేసరికి పదిన్నర. అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఇక్కడి నుంచి మొదలవుతుంది. 1983లో ప్రకటించిన నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో కృష్ణకు ఇవతల ఉన్న భాగమే రాష్ట్ర విభజన తరువాత ఈ పేరుతో వేరుపడింది. మొత్తం విస్తీర్ణం 2,600 చదరపు కిలోమీటర్లకు పైన. ఆ గేటు దగ్గర అందరూ తెలుసుకోవలసిన నియమం ఒకటి ఉంది: రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు మన్ననూరు, దోమలపెంటల మధ్య అడవి రోడ్డు మీద వాహనాలను వదలరు. ఒక రోజు యాత్ర ఎవరు నడిపినా, ఎంత డబ్బు తీసుకున్నా, తిరుగు ప్రయాణం ఈ తొమ్మిది గంటలకు కట్టుబడి ఉండవలసిందే. మా కరపత్రంలో ఆ సంగతి ఎక్కడా లేదు.

ఫరహాబాద్ విషయంలో జరిగినది మాత్రం తేలికగా వదిలేయదగినది కాదు. ఫరహ్ అంటే పారసీకంలో సంతోషం. నిజాం కాలంలో వేటకు, చల్లగాలికి వచ్చేవారి విడిదిగా ఈ కొండకు పేరుంది. అక్కడి వ్యూ పాయింట్‌కు అడవి లోపలి దారిన అటవీ శాఖ సఫారీ బండ్లలోనే వెళ్లాలి, వాటికి టికెట్ వేరు. బయటి టెంపోలను లోపలికి పంపరు. ఏటా ఇదే దారిన బండ్లు తిప్పే నిర్వాహకులకు ఈ సంగతి తెలియదంటే నమ్మలేము. అయినా కరపత్రంలో ఆ పేరు వేశారు, గేటు దగ్గరకు వచ్చాక 'ఈరోజు సఫారీ బండ్లు ఖాళీ లేవట' అని చేతులు దులుపుకున్నారు. మాలో ఇద్దరు దిగి వెళ్లి కౌంటర్‌లో అడిగితే, గుంపుగా వచ్చేవారు ముందే బుక్ చేసుకోవలసి ఉంటుందని, మా పేరు మీద ఎవరూ బుక్ చేయలేదని చెప్పారు. ఈ వాదులాటలో నలభై నిమిషాలు గడిచిపోయాయి. మా అబ్బాయి ఆ నలభై నిమిషాలూ చెక్‌పోస్టు రేకుల మీద కోతులను లెక్కపెట్టాడు. ముప్పై ఒకటి వచ్చాయి.

మన్ననూరు దాటాక దారి బాగా మెలికలు తిరుగుతుంది. మద్ది, ఇప్ప, తునికి చెట్లు, వాటి మధ్య వెదురు పొదలు వాన వెలిసి ఇంకా పచ్చదనం వీడక ఉన్నాయి. ఆకురాల్చే అడవి కనుక ఇదే దారిన మార్చిలో వస్తే చెట్ల మధ్య నుంచి కొండ వెన్ను మొత్తం కనిపిస్తుంది. అక్టోబరులో మాత్రం ఆకు గోడ తప్ప మరొకటి కనబడదు. ఫోన్ సిగ్నల్ ఇక్కడ పోయిందంటే మళ్లీ ఎప్పుడో గాని రాదు. కడుపులో తిప్పే అలవాటు ఉన్నవారు నిమ్మకాయ దగ్గర ఉంచుకోవడం మంచిది. మా వెనక సీటులో ఒక కొత్త పెళ్లికూతురు ఈ మలుపులకు చాలా ఇబ్బంది పడింది. వటవర్లపల్లి దగ్గర రహదారి వదిలి లోపలికి సుమారు ఎనిమిది కిలోమీటర్లు వెళ్లాలి. ఆ దారి వానలకు కోసుకుపోయి గతుకులమయంగా ఉంది. టెంపో నడిచింది గాని నేల ఎత్తు తక్కువున్న కార్లలో వచ్చేవారు ఆలోచించుకోవాలి. ఆర్టీసీ బస్సులో వచ్చి వటవర్లపల్లిలో దిగినవారికి అక్కడి నుంచి ఆటోలే దిక్కు.

బండి ఆగేసరికి పన్నెండున్నర దాటింది. 'ఒంటి గంట ఇరవై అయిదుకు అందరూ బండిలో ఉండాలి' అని నిర్వాహకుల తరఫున వచ్చిన కుర్రాడు ప్రకటించాడు. జలపాతం చేరడానికి సుమారు 350 మెట్లు దిగాలి. ఈ సంగతి కూడా కరపత్రంలో లేదు. మా అమ్మకు అరవై ఆరేళ్లు, ఎడమ మోకాలు నొప్పి. మెట్ల మీద నిలబడి లోయలోకి చూసి, 'దిగుడు ఎవరికైనా చేతనైతది బిడ్డా, ఎక్కుడు సంగతి చెప్పు' అంది. అయినా చేతికర్ర తీసుకుని దిగింది, అదీ మెట్లు లెక్కపెట్టుకుంటూ. మెట్లు సిమెంటువే, పక్కన పట్టుకోవడానికి ఆధారం కూడా ఉంది, కాని పైనుంచి రాలిన ఆకులు తడిసి నాని అక్కడక్కడా జారుతున్నాయి. చెప్పులు లేకుండా దిగినవారే నయం, రబ్బరు చెప్పుల వారు రెండు మూడు చోట్ల పడబోయి నిలదొక్కుకున్నారు. నిదానంగా దిగితే ఇరవై నిమిషాలు, మోకాళ్ల నొప్పి ఉన్నవారు ఎక్కడానికి ముప్పై నిమిషాలు. ఇచ్చిన యాభై నిమిషాలలో ఈ రెండూ తీసేస్తే మిగిలేది ఎంతో, ఐదో తరగతి పిల్లవాడే మెట్ల మీద లెక్క చెప్పేశాడు.

సగం మెట్లు దిగేదాకా నీరు కనబడదు. చప్పుడు మాత్రం వినబడుతుంది. దగ్గరికి వెళ్లేకొద్దీ అది పెద్ద హోరుగా కాక, చాటలో బియ్యం చెరుగుతున్నట్లు ఎడతెగని సన్నని మోతగా తెలుస్తుంది. కారణం కింద నిలబడ్డాక అర్థమైంది. సుమారు 150 అడుగుల రాతి గోడ మీది నుంచి నీరు ఒకే ధారగా దూకదు. అంచు దగ్గర చీలి పది పన్నెండు పాయలై, నాచు పట్టిన రాతి పొరల మీద ఒక్కో మెట్టూ దిగుతూ, చివరి ముప్పై నలభై అడుగులు మాత్రమే గాలిలోకి వదులుకుంటుంది. ఆ పాయల మధ్య రాతి సందుల్లో చెట్ల వేర్లు జడలుగా వేలాడుతున్నాయి, ప్రతి వేరు కొన నుంచీ ఒక చుక్క, దాని వెనుక ఇంకొక చుక్క. అరచేయి పెట్టి చూశాను. ఒక వేరు కింద చేయి నిండడానికి నిమిషం పట్టింది, పక్కనే ఉన్న పాయ కింద పెట్టేసరికి చేయి నిలవలేదు. అడుగున చిన్న మడుగు, దాని ఒడ్డున శివలింగం, లింగం మీద ఎవరో పొద్దున పెట్టిన బంతిపూలు. తడి గాలి చీర కొంగును ఆరనివ్వడం లేదు. మా అమ్మ ఒక బండ మీద కూర్చుని, నీళ్లలోకి పాదాలు జార్చి, రెండు నిమిషాలు మాట్లాడలేదు. మా ఇంట్లో అది అరుదు.

ఈ రాతి గోడ గురించి ఒక మాట. నల్లమల ఈ భాగంలో పై పొర శ్రీశైలం క్వార్ట్‌జైట్ అని భూగర్భ శాస్త్రవేత్తలు పిలిచే రాయి; వంద కోట్ల ఏళ్లకు పైబడిన వయసు గల కడప శిలా సమూహంలోనిది. ఒకప్పటి ఇసుక గట్టిపడి, ఒత్తిడికి మరింత బిగుసుకుని ఏర్పడిన ఈ రాయి నీటికి త్వరగా అరగదు. అందుకే పీఠభూమి పైన చదునుగా పారే వాగు, కృష్ణ లోయ అంచుకు వచ్చేసరికి వాలుగా జారకుండా నిట్టనిలువుగా పడవలసి వస్తుంది. మల్లెల తీర్థం నీరు కూడా కిందికి పారి కృష్ణలోనే కలుస్తుంది. దగ్గరగా చూస్తే రాతిలో ఇసుక రేణువులు చక్కెర పలుకుల్లా మెరుస్తాయి. మా అబ్బాయి చేత ఆ మెరుపును తడిమించి చూపించడానికి నాకు దొరికిన సమయం ఐదు నిమిషాలు.

రెండేళ్ల క్రితం జూలైలో మేము కాశ్మీరు వెళ్లినప్పుడు శ్రీనగర్ నుంచి ఇలాగే ఒక రోజు యాత్రగా సోనమర్గ్ వెళ్లి, గుర్రాల వారితో బేరమాడి, తజివాస్ హిమానీనదం కింది దాకా పోయి వచ్చాము. శ్రీనగర్ నుంచి సోనమర్గ్ దాదాపు 80 కిలోమీటర్లు. పక్కన పారే సింధ్ నది పేరు విని సింధు నది అనుకుని మురిసిపోయాము, తీరా అది జీలంలో కలిసే వేరే నది. అక్కడ కొండ పైనుంచి పడే ధారలకు మూలం మంచు. ఎండ ముదిరేకొద్దీ మంచు కరుగుతుంది కాబట్టి, పొద్దున దాటిన వాగు మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి లావెక్కి ఉంటుంది. ఎండాకాలమే అక్కడ నీటి కాలం. మన నల్లమలలో అంతా తలకిందులు. ఇక్కడ జలపాతానికి వెనుక నిలువ అంటూ ఏదీ లేదు, నైరుతి రుతుపవనాలు ఇచ్చి పోయిన వాన, ఆ వానను కొంతకాలం పట్టి ఉంచే అడవి నేల, అంతే. ఏప్రిల్, మే నెలల్లో వచ్చినవారికి కనిపించేది నాచు ఎండిన గోడ. కాబట్టి ఫోటో చూసి వేసవి సెలవులకు బుక్ చేసుకునేవారు, ఆ ఫోటో ఏ నెలలో తీసినదో అడిగి తెలుసుకోవాలి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. జోరు వాన రోజుల్లో నీరు ఇంకా ఎక్కువ ఉంటుంది గాని, మెట్లూ మడుగు ఒడ్డూ ప్రమాదకరం.

శనివారం కావడంతో జనం విపరీతంగా ఉన్నారు. హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రవాళ్ల గుంపు ఒకటి స్పీకరు పెట్టుకుని మడుగులో దిగింది. అక్కడ కాపలాగా ఉన్న చెంచు యువకుడు రెండుసార్లు వారించాక గాని ఆపలేదు. ఆయనే మా అమ్మకు చేయి అందించి, కూర్చోవడానికి బండ చూపించాడు. ఏ వేళకు వస్తే బాగుంటుందని అడిగితే, 'వారం మధ్యలో, పొద్దుగాల రావాలె అక్కా. అప్పుడైతే నీళ్ల సప్పుడు వినబడతది, ఇప్పుడు మనుషుల సప్పుడే' అన్నాడు. ఈ అడవి చెంచులది. వేట, తేనె, గడ్డల మీద తరతరాలుగా బతికినవారు. నేటికీ అత్యంత బలహీన గిరిజన సమూహాల జాబితాలో ఉన్నవారు. నలభై మందికి పైగా అక్కడ చేరిన జనంలో అడవి గురించి ఏదైనా తెలిసిన మనిషి ఆయన ఒక్కడే. మా యాత్రలో గైడ్ ఉంటాడని రాశారు, ఆ గైడ్ అంటే సమయం ప్రకటించే కుర్రాడని తరువాత తెలిసింది. అదే డబ్బులో కొంత ఇచ్చి ఇలాంటి యువకుడిని ఒక పూట మాతో నడిపించి ఉంటే, యాత్ర స్థాయి వేరుగా ఉండేది.

బట్టలు మార్చుకోవడానికి ఆడవారికి సరైన ఏర్పాటు కింద ఎక్కడా నాకు కనబడలేదు. తడిసినవారు తడి బట్టలతోనే మెట్లెక్కారు. మరుగుదొడ్డి అవసరాన్ని మన్ననూరులోనే తీర్చుకుని బయలుదేరడం ఉత్తమం. అభయారణ్యంలో ప్లాస్టిక్ పారవేయరాదన్న బోర్డుల కిందనే నీళ్ల సీసాలు కనబడటం ఎవరి మీద వేయవలసిన నింద అన్నది వేరే చెప్పనక్కరలేదు. మేము ఇంటి నుంచి స్టీలు సీసాలు తెచ్చుకున్నాము.

మేము పైకి వచ్చేసరికి రెండు గంటలు. మా కంటే ముందే వచ్చి బండిలో కూర్చున్నవారు మమ్మల్ని చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. మా అమ్మ రొప్పుతూనే, 'నా మోకాలు మీ గడియారం చూసి నడవదు నాయనా' అని ఆ కుర్రాడికి చెప్పి సీటులో కూలబడింది. వారిలో ముగ్గురు అసలు కింది దాకా రానే లేదు, సగం మెట్ల దగ్గరి నుంచి ఫోటో తీసుకుని వెనుదిరిగారు. యాభై నిమిషాలలో వచ్చి పోవడం అంటే ఆచరణలో అదే అవుతుంది.

భోజనం రెండు నలభైకి, వటవర్లపల్లి దాటాక రోడ్డు పక్కన చెట్ల కింద, వెంట తెచ్చిన డబ్బాల నుంచి. అన్నం చల్లారింది, పప్పు పొద్దుటిది, పెరుగు పులిసింది. బగారా అన్నం, ఆలుగడ్డ కూర అని చెప్పి పప్పన్నం పెట్టడాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, అందరికీ అంత ఆకలి. మేము తెచ్చుకున్న జొన్న రొట్టెలు, వెల్లిపాయ కారం చుట్టుపక్కల సీట్ల వారు కూడా పంచుకున్నారు.

ఆక్టోపస్ వ్యూ పాయింట్ నుంచి కృష్ణ వెనుక జలాలు కొండల సందుల్లోకి చేతులు చాపినట్లు కనిపిస్తాయి. పేరు అందుకే వచ్చింది. పావుగంట సరిపోయే చోటు, పావుగంటే ఇచ్చారు. శ్రీశైలం డ్యామ్ దగ్గర మేము వెళ్లిన రోజు 12 గేట్లూ మూసి ఉన్నాయి. గేట్లు ఎత్తినప్పుడు చూసినవారికి ఆ గోడ మామూలుగా అనిపిస్తుంది. 885 అడుగుల పూర్తి స్థాయి నీటిమట్టం గల ఈ జలాశయం ఒడ్డున నిలబడి, ఎడమ గట్టున కొండ లోపల 900 మెగావాట్ల విద్యుత్ కేంద్రం ఉందని అబ్బాయికి చెబితే, 'కొండ లోపలా?' అని రెండుసార్లు అడిగాడు. అక్కడితో వెనక్కి తిరగవలసింది. కాని బండిలో సగం మంది, ఇంత దూరం వచ్చి మల్లన్నను చూడకుండా పోవడం ఎలా అన్నారు. నిర్వాహకుల కుర్రాడు ఎవరికో ఫోన్ చేసి సరేనన్నాడు. దర్శనానికి మొక్కడం నాకూ ఇష్టమే, కాని కార్యక్రమంలో లేని దర్శనానికి రెండున్నర గంటలు దొరికినప్పుడు, ఫోటో వేసి పిలిచిన జలపాతానికి మరో గంట ఎందుకు దొరకలేదన్నది నా ప్రశ్న.

దోమలపెంట గేటు దాటేసరికి ఎనిమిది. ఇంకో గంట ఆలస్యమైతే ఆ రాత్రి శ్రీశైలంలోనే పిల్లలతో సహా గది వెతుక్కోవలసి వచ్చేది. డ్రైవర్ మాత్రం అడవిలో వేగం పెంచలేదు, హారన్ కొట్టలేదు. ఒకచోట లైట్ల వెలుగులో దుప్పుల గుంపు రోడ్డు దాటుతుంటే ఇంజను శబ్దం తగ్గించి అవన్నీ పోయేదాకా ఆగాడు. పిల్లలందరూ లేచి నిలబడి చూశారు. రోజంతటిలో ఎవరూ గడియారం చూడని ఘట్టం అది. ఇంటికి చేరేసరికి పదకొండు నలభై అయిదు.

ఈ యాత్రకు వెళ్లదలచినవారికి నా అనుభవం మీద చెప్పగలిగేది ఇది. కేవలం గుళ్లు, డ్యామ్ చూసి రావాలనుకునేవారికి ఈ బండి, ఈ ధర నష్టం కాదు. జలపాతం కోసమే వెళ్లేవారు మాత్రం పదిమంది కలిసి సొంతంగా బండి మాట్లాడుకుని, ఉదయం ఆరుకు మన్ననూరు గేటు తెరిచే సమయానికి అక్కడ ఉండేలా బయలుదేరి, మల్లెల తీర్థం దగ్గర మూడు గంటలు గడిపి, తిరుగుదారిలో ఉమామహేశ్వరం చూసుకుని చీకటి పడకముందే ఇల్లు చేరడం మేలు. ఫరహాబాద్ సఫారీ కావాలంటే అటవీ శాఖ దగ్గర ముందే బుక్ చేసుకుని ఇంకొక రోజు పెట్టుకోవాలి. ట్రావెల్స్ వారితోనే వెళ్లేటట్లయితే డబ్బు కట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి: జలపాతం దగ్గర ఎన్ని గంటలు ఆపుతారు, సఫారీ టికెట్లు ఎవరి పేరున ఉన్నాయి, తొమ్మిది గంటల గేటుకు ముందు దోమలపెంట ఎన్నింటికి చేరుస్తారు. వీటికి సూటిగా జవాబు రాకపోతే ఇంకొకరిని చూసుకోవచ్చు. మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దవారిని తీసుకువెళ్లవద్దని నేను అనను; చేతికర్ర, నీళ్లు, మెట్టుమెట్టుకు కూర్చోనిచ్చే వ్యవధి ఉంటే వారు దిగగలరు, ఎక్కగలరు. మా అమ్మ లెక్కలో మెట్లు 342. ఎక్కేటప్పుడు 347 వచ్చాయట. ఏది సరైనదో ఇంకా తేల్చుకోలేదు.

వచ్చిన మూడో రోజున ట్రావెల్స్ వారు ఫోన్ చేసి అయిదు నక్షత్రాల రేటింగ్ ఇవ్వమని అడిగారు. బండికి, డ్రైవర్‌కు అయిదు, ఫలహారానికి నాలుగు, మధ్యాహ్న భోజనానికి రెండు, కార్యక్రమానికి ఒకటి ఇస్తానని, అన్నీ కలిపి ఎంతవుతుందో మీరే చూసుకోండని చెప్పాను. ఫరహాబాద్ చూపించనందుకు మనిషికి 150 రూపాయలు వెనక్కి ఇస్తామని అప్పుడు ఒప్పుకున్నారు. నేటికి పన్నెండు రోజులైంది, ఆ డబ్బు ఇంకా రాలేదు.